మాత్ర ఆగిన చోటే ముప్పు: హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారిపై కరోనా

తిరుపతిలో "పాజిటివ్ వచ్చింది" అన్న మాటకు రెండు దశాబ్దాలపాటు ఒక్కటే అర్థం ఉండేది. అన్నవారు గొంతు తగ్గించి అనేవారు, విన్నవారు ఎవరికని అడిగేవారు కాదు. 2020 వేసవి వచ్చేసరికి అదే మాట టీవీల్లో, ఆటోలకు కట్టిన మైకుల్లో, వీధి మొదట్లో వెదురు బొంగులతో వేసిన అడ్డుకట్టల దగ్గర గట్టిగా వినిపించసాగింది. శ్రీకాళహస్తిలో ఎన్ని పాజిటివ్‌లు, చిత్తూరులో ఎన్ని అంటూ రోజూ బులెటిన్ వెలువడేది. ఆ హోరులో, పాత అర్థంలో పాజిటివ్ అయిన మనుషులు ఎలా ఉన్నారో ఆరా తీసినవారు తక్కువ. హెచ్‌ఐవీతో జీవిస్తూ రోజూ మాత్ర వేసుకునే మనిషికి కరోనా సోకితే ఏమవుతుంది, మిగతావారికంటే వారికి ప్రమాదం ఎంత ఎక్కువ, ఆ ప్రమాదం హెచ్‌ఐవీ వల్లే వస్తుందా లేక దాని చుట్టూ ఉన్న పరిస్థితుల వల్లా అన్న ప్రశ్నలకు ఇప్పుడు చాలావరకు జవాబులున్నాయి. ఆ జవాబులు మొదట్లో భయపడినట్టూ లేవు, ఆశపడినట్టూ లేవు.

ఆంధ్రప్రదేశ్‌కు ఇది దగ్గరి విషయం. 2021 జాతీయ అంచనాల ప్రకారం దేశంలో సుమారు 24 లక్షల మంది హెచ్‌ఐవీతో జీవిస్తుండగా, వారిలో దాదాపు 3.2 లక్షల మంది ఈ రాష్ట్రంలోనే ఉన్నారు. సంఖ్యలో మహారాష్ట్ర తర్వాతి స్థానం మనదే. దేశంలోని వయోజనుల్లో హెచ్‌ఐవీ వ్యాప్తి 0.21 శాతం ఉంటే ఇక్కడ 0.67 శాతం, అంటే మూడు రెట్లకు పైనే. చిత్తూరు ప్రాంతానికి ఈ జబ్బుతో మరో పాత ముడి కూడా ఉంది. 1986లో మద్రాసులో సేకరించిన రక్త నమూనాలను రైల్లో తీసుకెళ్లి పరీక్షించి దేశంలో తొలిసారి హెచ్‌ఐవీని గుర్తించింది చిత్తూరుకు కూతవేటు దూరంలో ఉన్న వేలూరు సీఎంసీ ఆసుపత్రిలోనే. అప్పట్లో చేతికి మందన్నదే లేదు. 2004 ఏప్రిల్ 1న దేశంలో హెచ్‌ఐవీని అణచే మందుల, అంటే ఏఆర్‌టీ మందుల, ఉచిత పంపిణీ మొదలైంది. 2017 నుంచి రోగనిరోధక కణాల లెక్క అయిన సీడీ4 ఎంత ఉందన్న దానితో నిమిత్తం లేకుండా, హెచ్‌ఐవీ ఉందని తేలిన ప్రతి ఒక్కరికీ మందులు ఇస్తున్నారు. కాబట్టి కరోనా వచ్చేనాటికి ఇక్కడి హెచ్‌ఐవీ రోగుల్లో ఎక్కువమంది 1990ల నాటి బక్కచిక్కిన రోగులు కారు. కూలికి వెళ్తూ, ఆటో నడుపుతూ, పిల్లల్ని బడికి పంపుతూ, నలభై దాటి బీపీ, షుగరు కూడా తెచ్చుకుంటున్న మామూలు మనుషులు. కరోనా వీరిని ఏం చేసిందన్నది అర్థం కావాలంటే ముందుగా ఈ మార్పును మనసులో పెట్టుకోవాలి.

మొదటి నెలల్లో వైద్య ప్రపంచంలో రెండు ఊహలు ఎదురెదురుగా నడిచాయి. రోగనిరోధక శక్తి తగ్గినవారు కాబట్టి వీరికి కరోనా సోకితే ఇక అంతే అన్నది మొదటిది. రెండోది దానికి తలకిందులు. కరోనాలో ఊపిరితిత్తులు దెబ్బతినేది చాలావరకు శరీరం చేసే అతి ప్రతిస్పందన వల్లే కాబట్టి, ఆ శక్తి కొంత మందగించినవారికి అదే రక్ష కావచ్చునని కొందరు వాదించారు. వినడానికి రెండో వాదన చమత్కారంగా ఉంటుంది, కానీ అది నిలబడలేదు. హెచ్‌ఐవీ దెబ్బతీసేది సీడీ4 కణాలను. ఇవి ఒక విధంగా దండును నడిపించే నాయకుల వంటివి. ఏ వైరస్ వచ్చిందో గుర్తించి ప్రతిరక్షకాలను తయారుచేసే కణాలను పురమాయించేదీ, వైరస్ చేరిన కణాలను చంపే కణాలను పిలిచేదీ ఇవే. నాయకుడు లేని దండు అసలు పోరాడకుండా ఊరుకోదు, అదుపు తప్పి పోరాడుతుంది. సీడీ4 బాగా పడిపోయిన మనిషిలో వైరస్‌ను తుడిచిపెట్టే పని ఆలస్యమవుతుంది, వాపు పుట్టించే రసాయనాలు మాత్రం పుడుతూనే ఉంటాయి. పైగా మందులు వాడి వైరస్ అణిగినవారిలో కూడా ఒంట్లో సన్నని వాపు ఎంతోకొంత మిగిలే ఉంటుందని కరోనాకు ముందే తెలుసు.

ఊహలను పక్కనపెట్టి లెక్కల్లోకి వస్తే, మొదటి గట్టి ఆధారం దక్షిణాఫ్రికాలోని వెస్టర్న్ కేప్ రాష్ట్రం నుంచి 2020లో వచ్చింది. అక్కడి ప్రభుత్వ ఆసుపత్రుల రికార్డుల్లో ఉన్న దాదాపు 35 లక్షల మంది వివరాలను పరిశీలించగా, హెచ్‌ఐవీ ఉన్నవారు కరోనాతో మరణించే అవకాశం లేనివారికంటే సుమారు రెండు రెట్లు ఉందని తేలింది. అప్పటికే క్షయ కూడా ఉన్నవారి విషయంలో ఆ జబ్బు కలిపే ముప్పు అంతకంటే ఎక్కువ, సుమారు 2.7 రెట్లు. బ్రిటన్‌లో 1.7 కోట్లకు పైగా పెద్దల రికార్డులతో చేసిన మరో అధ్యయనంలో వయసు, పేదరికం, జాతి, ఊబకాయం వంటివి సరిచూసిన తర్వాత కూడా మరణ ప్రమాదం సుమారు రెండున్నర రెట్లుగా కనిపించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 జులైలో, ఆసుపత్రుల్లో చేరినవారి వివరాలను అనేక దేశాల నుంచి సేకరించి, తీవ్ర జబ్బు లేదా మరణం ముప్పు హెచ్‌ఐవీ ఉన్నవారిలో 30 శాతం ఎక్కువని చెప్పింది. ఆ వివరాల్లో సుమారు 95 శాతం దక్షిణాఫ్రికావేనన్న సంగతి మరువరాదు.

రెండు రెట్లు అన్న మాట పేపర్లో చదివినప్పుడు గుండె గుభేలుమంటుంది. రెట్లు అన్నది ఎప్పుడూ దేనికి రెట్లు అన్నదానిపై ఆధారపడుతుంది. ముప్పై అయిదేళ్ల మనిషికి కరోనాతో మరణించే అవకాశం ఎలాగూ చాలా తక్కువ. దాన్ని రెట్టింపు చేసినా తక్కువే. డెబ్బై ఏళ్ల వృద్ధుడికి హెచ్‌ఐవీ లేకున్నా ఆ ముప్పు దానికి ఎన్నో రెట్లు. బ్రిటన్ అధ్యయనంలో హెచ్‌ఐవీ ఉన్న సుమారు 27 వేల మందిలో ఆ కాలంలో కరోనాతో చనిపోయినవారు 25 మంది మాత్రమే. అంటే ఒక వ్యక్తికి తన వయసు, తన షుగరు, తన మూత్రపిండాలు చెప్పే సంగతి, హెచ్‌ఐవీ అన్న ఒక్క మాట చెప్పేదానికంటే తరచుగా ఎక్కువే ఉంటుంది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, దాన్ని దాటవేస్తే విశ్లేషణ సగమే అవుతుంది. మందులు సరిగా వాడి వైరల్ లోడ్, అంటే రక్తంలోని వైరస్ మోతాదు, అణిగి ఉంటే ముప్పు పూర్తిగా పోతుందని అనుకోవడం సహజం. వెస్టర్న్ కేప్ లెక్కల్లో మాత్రం వైరస్ అణిగినవారిలోనూ ఆ పెరుగుదల కనిపించింది. బరువు, పేదరికం వంటి అంశాలు తమ రికార్డుల్లో పూర్తిగా లేవనీ, అందువల్ల హెచ్‌ఐవీ ఖాతాలో పడిన ముప్పులో కొంత వాటిది కావచ్చుననీ ఆ పరిశోధకులే ఒప్పుకున్నారు. తర్వాత వచ్చిన పెద్ద అధ్యయనాల్లో బొమ్మ మరింత స్పష్టపడింది. సీడీ4 200 కంటే తక్కువ ఉన్నవారూ, వైరస్ అణగనివారూ అసలైన ప్రమాదంలో ఉన్నారు. సీడీ4 బాగుండి వైరస్ కనబడనంతగా అణిగినవారు మిగతా జనానికి చాలా దగ్గరగా ఉన్నారు, వారికి మిగిలిన తేడాలో పెద్ద భాగం ఇతర జబ్బులది. ఒమిక్రాన్ కాలంలో ఆసుపత్రిలో చేరినవారి మరణాలు హెచ్‌ఐవీ లేనివారిలో బాగా తగ్గగా, ఉన్నవారిలో అంతగా తగ్గలేదన్న సంగతి కూడా ఇదే దిక్కుకు చూపుతుంది. అప్పటికి ఆసుపత్రి దాకా వచ్చే హెచ్‌ఐవీ రోగుల్లో చికిత్స అందనివారు, మధ్యలో మానేసినవారు ఎక్కువగా ఉండటం అందుకు ఒక కారణం అయి ఉండవచ్చు.

ముప్పు సంగతి ఇలా ఉండగా, మందుల సంగతి మరో దారిన నడిచింది. 2020 మార్చి మొదట్లో జైపూర్ ఆసుపత్రిలో చేరిన ఇటలీ పర్యాటక దంపతులకు లోపినావిర్, రిటోనావిర్ అనే హెచ్‌ఐవీ మందుల జంటను వాడారన్న వార్త దేశమంతా పాకింది. హెచ్‌ఐవీ మందులతో కరోనా తగ్గుతుందట అన్న మాట అంతకంటే వేగంగా పాకింది. ఆ నెలలోనే చైనా నుంచి వచ్చిన 199 మంది రోగుల పరీక్షలో ఆ జంట వల్ల ప్రయోజనం కనబడలేదు. జూన్‌లో బ్రిటన్‌లో రికవరీ అన్న పేరుతో జరిగిన మందుల పరీక్ష అదే తేల్చింది, జులైలో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన పరీక్షలో ఆ విభాగాన్ని ఆపేసింది. వదంతి మాత్రం అంత తొందరగా ఆగలేదు. దాని వల్ల నష్టపోయినవారు రెండు రకాలు. ఏఆర్‌టీ వాడుతున్నాం కదా, మాకు కరోనా రాదని మాస్కు తీసేసినవారు ఒకరు. ఇంట్లో ఒకరి మాత్రలను జ్వరం వచ్చిన మరొకరికి పంచి, నెలాఖరుకు డబ్బా ఖాళీ చేసుకునే ప్రమాదంలో పడ్డవారు ఇంకొకరు.

దీనికి తోడు స్పెయిన్ నుంచి వచ్చిన ఒక అధ్యయనం ఆశ పుట్టించింది. 77 వేల మందికి పైగా ఏఆర్‌టీ వాడేవారిని గమనించగా, టెనోఫోవిర్ డైసోప్రాక్సిల్, ఎమ్‌ట్రిసిటబిన్ వాడుతున్నవారిలో కరోనా తక్కువగా కనిపించింది. మన దగ్గర ఎక్కువమంది వాడే కలయికలోనూ టెనోఫోవిర్ ఉంది కాబట్టి ఇది చిన్న విషయమేమీ కాదనిపించింది. అయితే వైద్యులు ఆ మందును ఎవరికి ఇస్తారు? మూత్రపిండాలు బాగున్నవారికి. మూత్రపిండాలు బాగోలేనివారికి, వయసు పైబడినవారికి, షుగరు, బీపీ ముదిరినవారికి వేరే మందు రాస్తారు. కరోనా ఎవరిని పట్టి పీడిస్తుంది? సరిగ్గా ఆ రెండో గుంపును. మందు కాపాడినట్టు కనిపించినదాంట్లో చాలా భాగం, మందు ఎవరికి రాశారన్నదే. గుడి మెట్లు ఎక్కగలిగినవారంతా ఆరోగ్యంగా ఉన్నారని చూసి, మెట్లే ఆరోగ్యాన్నిచ్చాయని అనుకోవడం లాంటిదిది. అలిపిరి మెట్ల దారిలో రోజూ నిలబడి లెక్కవేసినా ఇదే పొరపాటు చేయవచ్చు.

ఇంతవరకు చెప్పినదంతా ప్రపంచమంతటికీ వర్తించేది. చిత్తూరు జిల్లాలో ఆ రోజుల్లో ముప్పు పుట్టింది మరో చోట. అది దారిలో, దూరంలో, దాపరికంలో ఉంది. 2020 మార్చి 20 నుంచి తిరుమలలో భక్తులకు దర్శనం నిలిచిపోయింది. 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్. ఆర్టీసీ బస్సులు మళ్లీ రోడ్డెక్కింది మే 21న. దర్శనాలు జూన్ 11న తిరిగి మొదలయ్యేదాకా, కొండను నమ్ముకుని బతికే పూలకొట్లవాళ్లు, జీపు డ్రైవర్లు, లాడ్జీల్లో పనిచేసేవాళ్లు చేతులు ముడుచుకుని కూర్చోవలసి వచ్చింది. అన్నిటికంటే ముందు తిండి తగ్గింది. ఏఆర్‌టీ మాత్రను ఖాళీ కడుపుతో మింగితే తిప్పుతుందని భయపడేవారికి అదొక వంక అయింది.

ఏఆర్‌టీ కేంద్రం ఎక్కడుందన్నది బయటివారు మ్యాపులో చూసి చెబుతారు. రోగులు మాత్రం తెలిసినవారు ఎదురుపడే అవకాశాన్ని బట్టి ఎంచుకుంటారు. చిత్తూరు దగ్గరివారు తిరుపతికి, తిరుపతివారు మదనపల్లెకో నెల్లూరుకో, పలమనేరు వైపువారు సరిహద్దు దాటి వేలూరుకు వెళ్లడం వెనుక ఉన్నది ఈ లెక్కే. నలభై, అరవై, వంద కిలోమీటర్ల ప్రయాణం వారికి భారం కాదు, అదే వారి తెర. ఊళ్లో తిరుమలకు పోయొస్తామని చెప్పి ఆసుపత్రికి పోయివచ్చేవారికి గుడి మూసేసరికి చెప్పుకునే కారణం కూడా పోయింది. లాక్‌డౌన్ ఆ తెరను ఒక్క రాత్రిలో లాగేసింది. ఏప్రిల్ చివరి వారంలో వేలూరు జిల్లా యంత్రాంగం చిత్తూరు వైపు వచ్చే రోడ్ల మీద సిమెంటు ఇటుకలతో ఏకంగా గోడలే కట్టించింది. విమర్శలు రావడంతో వాటిని కూల్చేశారు గానీ, ఆ ఇటుకలు చెప్పిన సంగతి సరిహద్దుకు రెండువైపులా అందరికీ అర్థమైంది. చెక్‌పోస్టు దగ్గర పోలీసుకు పాస్ చూపించాలంటే ఏ జబ్బుకు, ఏ ఆసుపత్రికి అన్నది చెప్పాలి. గుండె జబ్బున్న మనిషి ఆ ప్రశ్నకు వెంటనే జవాబు చెబుతాడు. హెచ్‌ఐవీ ఉన్న మనిషి వెనక్కి తిరుగుతాడు.

జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ దీన్ని త్వరగానే పసిగట్టిందని ఒప్పుకోవాలి. నిలకడగా ఉన్న రోగులకు ఒకేసారి మూడు నెలల మాత్రలు ఇవ్వాలని, ఎక్కడ చిక్కుకుపోయినవారికి అక్కడి కేంద్రంలోనే మందులు అందించాలని, వీలైనచోట ఇంటికే చేర్చాలని సూచించింది. మూడు నెలల మాత్రలంటే మూడు డబ్బాలు. ఆసుపత్రికి పోవలసిన పని తప్పింది, అంతవరకు గొప్ప ఊరట. అయితే ఒక డబ్బాను దాచుకునే ఇంట్లో మూడు డబ్బాలు ఎక్కడ దాచాలి? ఇంటికి చేర్చడంలోనూ అలాంటి చిక్కే ఉంది. 2019 ఆగస్టులో మొదలై అప్పట్లో పనిచేస్తుండిన గ్రామ, వార్డు వాలంటీర్లు ఏభై ఇళ్లకు ఒకరు చొప్పున ఆ వీధివారే. జ్వరాల సర్వేకు అదే వారి బలం. హెచ్‌ఐవీ మందు చేరవేయడానికి మాత్రం అదే అడ్డు. ఈ పనిని నిజంగా నెట్టుకొచ్చింది ఎక్కువగా ఏఆర్‌టీ కేంద్రాల కౌన్సెలర్లు, హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారి సంఘాల కార్యకర్తలు. వీధి చివర కలుద్దామని ఫోన్లో చెప్పి, కూరగాయల సంచిలో డబ్బా పెట్టి చేతికిచ్చే పద్ధతికి ఏ మార్గదర్శకంలోనూ పేరు లేదు.

మాత్ర ఒకటి రెండు రోజులు ఆగితే ఏమవుతుందని ఎవరైనా అడగవచ్చు. 2020లో చాలామంది వాడుతున్న కలయికలో ఎఫావిరెంజ్ ఉండేది. రాత్రి పడుకునే ముందు వేసుకోవలసిన ఈ మందు రక్తంలో చాలా రోజులు నిలుస్తుంది, దానితోపాటు ఉన్న మిగతా రెండు మందులు ముందే దిగిపోతాయి. మాత్రలు హఠాత్తుగా ఆగిపోతే కొన్నాళ్లపాటు ఒంట్లో ఎఫావిరెంజ్ ఒక్కటే మిగులుతుంది. ఒంటరి మందుకు లొంగకుండా ఉండటం వైరస్ సులువుగా నేర్చుకుంటుంది. ఆ తర్వాత మాత్రలు మళ్లీ మొదలుపెట్టినా పనిచేయకపోవచ్చు. ఆ తర్వాతి కాలంలో డోలుటెగ్రావిర్ ఉన్న టీఎల్‌డీ మాత్రకు మారడంతో ఈ భయం చాలావరకు తగ్గింది, ఎందుకంటే డోలుటెగ్రావిర్‌ను లొంగదీసుకోవడం వైరస్‌కు అంత తేలిక కాదు. కాలం కలిసిరాక ఆ మార్పు కరోనా నడుమనే జరిగింది.

కరోనా సోకిన రోజున ఏం జరిగేదో దగ్గరగా చూస్తే ముప్పు ఆకారం తెలుస్తుంది. తిరుచానూరులోని పద్మావతి నిలయం వంటి టీటీడీ వసతి భవనాలను కరోనా రోగుల కోసం వాడిన కాలమది. పరీక్ష ఫలితం ఫోనుకు వస్తుంది, గంట రెండు గంటల్లో అంబులెన్సు వీధిలోకి వస్తుంది, వీధి మొత్తం కిటికీల్లోంచి చూస్తుంది. ఆ హడావిడిలో ఒక స్త్రీ రెండు చీరలు, టవలు, ఫోను, ఛార్జరు సంచిలో పెట్టుకుంటుంది. బియ్యం డబ్బాలో దాచిన మాత్రల సీసాను తీయాలంటే అత్త వంటింట్లోనే ఉంది. ఇది ఏ ఒక్కరి కథా కాదు, ఇలాంటి గడియ ఎందరి ఇళ్లలోనో వచ్చి ఉంటుంది. సీసా తీసుకెళ్లగలిగినా మరో చిక్కు. ముప్పై మాత్రల ప్లాస్టిక్ సీసా కదిలితే గలగలమంటుంది. చప్పుడు రాకుండా మాత్రలను కాగితంలో పొట్లం కట్టుకుంటే, సీసాలో తేమ పీల్చడానికి పెట్టిన చిన్న పొట్లం రక్షణ పోతుంది. చీటీ చింపేస్తే ఏ మందో అక్కడి డాక్టరుకు తెలిసే దారి పోతుంది. పక్క మంచం మీదివారు "ఏం మాత్రమ్మా అది?" అని అడిగితే "థైరాయిడ్‌ది అక్కా" అన్న జవాబు సిద్ధంగా ఉంటుంది. కరోనా వార్డులో ఆ అబద్ధం వల్ల వచ్చే నష్టం ఏమిటంటే, అదే జవాబు కేసు షీటులోకి కూడా ఎక్కుతుంది.

కేసు షీటులో అలా రాస్తే జరిగే పొరపాట్లలో చాలా చిన్నదీ, చాలా సామాన్యమైనదీ జింకు మాత్ర. కరోనా వచ్చిన వారందరికీ విటమిన్లు, జింకు పంచిన రోజులవి. డోలుటెగ్రావిర్‌ను జింకు, ఇనుము, కాల్షియం వంటి లోహాలతో కలిపి పరగడుపున మింగితే అవి దాన్ని పేగుల్లోనే పట్టేసుకుంటాయి, మందు రక్తంలోకి సరిగా చేరదు. జింకుకు రెండు గంటల ముందో, ఆరు గంటల తర్వాతో వేసుకుంటే ఏ ఇబ్బందీ లేదు. ఇది తెలిసిన నర్సు ఒక్క వాక్యంలో చెప్పగల విషయం, కానీ ఎవరికి చెప్పాలో ఆమెకు తెలియదు. కడుపు మంటకు ఇచ్చే అల్యూమినియం, మెగ్నీషియం ద్రావణాలతోనూ ఇదే గొడవ. షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడేవారిలో డోలుటెగ్రావిర్ ఆ మందు మోతాదును రక్తంలో పెంచుతుంది కాబట్టి రోజుకు 1000 మిల్లీగ్రాములు దాటకుండా చూసుకోవాలి. క్షయకు రిఫాంపిసిన్ వాడుతున్న హెచ్‌ఐవీ రోగి డోలుటెగ్రావిర్‌ను రోజుకు రెండుసార్లు వేసుకోవాలి. రెండో మాత్ర ఇంటి దగ్గర ఉండిపోతే ఆ చికిత్స సగానికి సగం పోయినట్టే.

జబ్బు ముదిరిన తర్వాత కథ మరింత చిక్కుపడుతుంది. పొడి దగ్గు, ఆయాసం, ఆక్సిజన్ పడిపోవడం, సీటీ స్కాన్‌లో రెండు ఊపిరితిత్తుల్లోనూ మసక అద్దంలాంటి మచ్చలు. 2021 మే నెలలో ఇవి చూసిన ఏ వైద్యుడైనా కరోనా అనే అంటాడు. సీడీ4 200 కంటే తగ్గినవారికి వచ్చే న్యుమోసిస్టిస్ న్యుమోనియా కూడా అచ్చు ఇలాగే ఉంటుంది. తేడా ఎక్కువగా కాలంలో ఉంది. కరోనా రోజుల్లో ముదురుతుంది, ఇది వారాల తరబడి నెమ్మదిగా పెరుగుతుంది. దానికి మందు కో-ట్రైమోక్సజోల్, ఏ ప్రభుత్వ ఆసుపత్రిలోనైనా దొరికే చవక మందు. ఆర్టీపీసీఆర్‌లో రెండుసార్లు నెగెటివ్ వచ్చినా స్కాను చూసి కరోనాగానే లెక్కగట్టిన ఆ రోజుల్లో, రోగి హెచ్‌ఐవీ సంగతి చెప్పకపోతే, డాక్టరు అడగకపోతే, ఆ చవక మందు అల్మారాలోనే ఉండిపోతుంది. క్షయ విషయంలో అంకెలే ఉన్నాయి. దేశంలో 2019లో 24 లక్షల క్షయ కేసులు నమోదు కాగా 2020లో అవి 18 లక్షలకు తగ్గాయి. జబ్బు తగ్గలేదు, పట్టుకోవడం తగ్గింది. దగ్గు వచ్చిన ప్రతివారూ కరోనా పరీక్ష చేయించుకుని, నెగెటివ్ రాగానే ఊపిరి పీల్చుకుని ఇంటికి వెళ్లిపోయారు.

స్టెరాయిడ్ల గురించి ఒక మాట. ఆక్సిజన్ అవసరమైన కరోనా రోగులను డెక్సామెథసోన్ కాపాడుతుందని 2020 జూన్‌లో తేలింది. రోజుకు 6 మిల్లీగ్రాములు, పది రోజులు. హెచ్‌ఐవీ ఉన్నా ఈ మందు ఇవ్వవలసిందే. ఆక్సిజన్ అవసరం లేనివారికి దానితో మేలు లేదని అదే పరీక్ష చెప్పింది గానీ, రెండో అలలో మందుల షాపుల్లో, వాట్సాప్ చీటీల్లో ఆ రెండో సగాన్ని వదిలేశారు. షుగరుతో కలిసి అతిగా వాడిన స్టెరాయిడ్లు బ్లాక్ ఫంగస్‌కు దారితీసిన వేసవి అది. సీడీ4 తగ్గి, ఒంట్లో క్షయో క్రిప్టోకాకస్ అనే శిలీంధ్రమో నిద్రపోతున్నవారికి అవసరం లేని స్టెరాయిడ్ అంతకంటే చెరుపు చేస్తుంది. మరో మెలిక కూడా ఉంది. కరోనా తీవ్రంగా ఉన్నప్పుడు ఎవరిలోనైనా తెల్ల రక్తకణాలు తగ్గి, వాటితోపాటు సీడీ4 అంకె కూడా కొన్ని వారాలు పడిపోతుంది. అప్పుడు తీసిన లెక్క చూసి హెచ్‌ఐవీ మందులు పనిచేయడం మానేశాయని బెంబేలెత్తకూడదు. ఆ సమయంలో సీడీ4 శాతం, వైరల్ లోడ్ నమ్మదగినవి.

ఆక్సిజన్ దగ్గర మాత్రం అందరూ ఒకటే. 2021 మే 10 రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ ఒత్తిడి పడిపోయి 11 మంది కరోనా రోగులు ప్రాణాలు కోల్పోయినట్టు అధికారులు ప్రకటించారు. ఆ వారంలో పడక దొరకడానికి సీడీ4తో పని లేదు.

టీకా వచ్చేసరికి దాపరికం మరో రూపంలో ఎదురైంది. దేశంలో టీకాలు 2021 జనవరి 16న మొదలయ్యాయి. మార్చి 1 నుంచి అరవై దాటినవారితోపాటు, 45 నుంచి 59 ఏళ్ల మధ్య ఉండి 20 రకాల జబ్బుల్లో ఏదైనా ఉన్నవారికి అవకాశమిచ్చారు. ఆ జాబితాలో హెచ్‌ఐవీ కూడా ఉంది. కాగితం మీద ఇది మంచి నిర్ణయమే. దాన్ని వాడుకోవాలంటే మాత్రం ఆ జబ్బు ఉన్నట్టు డాక్టరు సంతకంతో ధ్రువపత్రం తెచ్చి టీకా కేంద్రంలో చూపించాలి. టీకా వేసేది వార్డు సచివాలయంలో, పేరు పిలిచేది తెలిసిన ముఖం, క్యూలో వెనుక నిలబడినది ఎదురింటివారు. 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉన్న హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ఎవరి హెచ్‌ఐవీ స్థితినైనా వారి అనుమతి లేకుండా బయటపెట్టరాదని చెబుతుంది. ఇక్కడ ఎవరూ బయటపెట్టడం లేదు, మనిషే స్వయంగా చూపించవలసిన ఏర్పాటు చేశారు. షుగరు, బీపీ ఉన్నవారు ఆ జబ్బు పేరుతోనే పత్రం తెచ్చుకుని బయటపడ్డారు. అవి లేనివారికి మిగిలిన దారి, ఏప్రిల్ 1న 45 దాటిన అందరికీ, మే 1న 18 దాటిన అందరికీ టీకా తెరిచేదాకా ఆగడం. రెండో అల లేచింది సరిగ్గా ఆ నెలల్లోనే.

టీకా పనితనం గురించి పెద్దగా సందేహపడవలసినది లేదు. కోవిషీల్డ్, కోవాగ్జిన్ రెండింటిలోనూ ఒంట్లో పెరిగే సజీవ వైరస్ లేదు కాబట్టి హెచ్‌ఐవీ ఉన్నవారికి అవి సురక్షితం. ఆక్స్‌ఫర్డ్ టీకాను, అంటే మన కోవిషీల్డ్‌నే, వైరస్ అణిగి సీడీ4 350 దాటిన 54 మంది హెచ్‌ఐవీ రోగులకు ఇచ్చి చూస్తే, వారిలో పుట్టిన ప్రతిస్పందన మిగతావారితో సమానంగా ఉంది. సీడీ4 200 కంటే తక్కువ ఉన్నవారికి అది బలహీనంగా ఉంటుంది కాబట్టి వారికి అదనపు డోసు అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది.

సీడీ4 బాగా పడిపోయిన కొద్దిమందిలో కరోనా వైరస్ నెలల తరబడి ఒంట్లోనే ఉండిపోయి, మార్పులు పోగేసుకోవడాన్ని దక్షిణాఫ్రికా శాస్త్రవేత్తలు గమనించారు. ఒక మహిళలో అది ఏడు నెలలకు పైగా నిలిచింది. ఈ వార్త బయటికి రాగానే కొత్త రకాల వైరస్‌లు హెచ్‌ఐవీ రోగుల వల్లే పుడుతున్నాయన్న నింద కూడా పుట్టింది. వైరస్ చాలాకాలం ఉండిపోవడం క్యాన్సర్ చికిత్సలో ఉన్నవారిలో, అవయవ మార్పిడి చేయించుకున్నవారిలో కూడా కనిపించిన సంగతి ఆ నింద వేసినవారు చెప్పలేదు. ఆ పరిశోధనల్లోనే ఉన్న అసలు కబురు ఇంకొకటి. అలాంటి ఒక రోగికి పనిచేయని పాత కలయిక తీసేసి డోలుటెగ్రావిర్ ఉన్న మందులకు మార్చిన తర్వాత హెచ్‌ఐవీ అణిగింది, వెంట కొద్ది వారాల్లోనే కరోనా వైరస్ కూడా ఒంట్లోంచి పోయింది. కరోనాకు ఆ మనిషి తీసుకున్న చికిత్స ఏఆర్‌టీయే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న కరోనా అత్యవసర స్థితిని ఎత్తివేసినా వైరస్ ఊళ్లలో తిరుగుతూనే ఉంది. ఇప్పుడు ముప్పున్నవారికి మొదటి రోజుల్లోనే ఇవ్వగల మాత్రలు ఉన్నాయి. నిర్మాట్రెల్విర్‌తో కలిపి ఇచ్చే రెండో మాత్ర మరేదో కాదు, 2020లో విఫలమైన జంటలోని రిటోనావిర్. ఇక్కడ దాని పని వైరస్‌తో పోరాడటం కాదు, మొదటి మందును కాలేయం తొందరగా కరిగించకుండా ఆపడం. ఆ గుణం వల్లే కొలెస్ట్రాల్ మందులతో, మరికొన్ని గుండె మందులతో దానికి పొసగదు. రిఫాంపిసిన్ వాడుతున్న క్షయ రోగికి అసలు ఇవ్వకూడదు. టీఎల్‌డీ మాత్రను మాత్రం ఆపకుండా పక్కపక్కనే వాడవచ్చు.

ఏఆర్‌టీ కేంద్రం రోగి చేతికి ఒక ఆకుపచ్చ పుస్తకం ఇస్తుంది. ఏ మందు, ఏ తేదీ నుంచి, సీడీ4 ఎంత, వైరల్ లోడ్ ఎంత, క్షయ మందులు ఉన్నాయా అన్నవన్నీ అందులో ఉంటాయి. జ్వరంతో ఆసుపత్రికి వచ్చిన రోజున డాక్టరుకు కావలసినవన్నీ ఆ నాలుగు పుటల్లోనే ఉన్నాయి. ఆ రోజున అది సామాన్యంగా బీరువాలో, చీరల మడతల కింద ఉంటుంది.